మా స్నానాల నీళ్ళు, వాళ్ళ చెరువు

(బెంగళూరులో తెలుగు మిత్రుల కలయికలో చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం.

శని ఆదివారాలు పొలంలో గడపడం గురించి, ఊరికి మనం తిరిగి ఇవ్వాల్సిన దాని గురించి మాట్లాడమన్నారు. ముందే ఒప్పుకుంటున్నాను, నేను రైతును కాను. వారంలో ఐదు రోజులు లాప్‌టాప్ ముందు కూర్చునేవాణ్ణి. 2020లో కర్ణాటక భూసంస్కరణల చట్టాన్ని సవరించి, వ్యవసాయదారులు కానివాళ్ళు కూడా పొలం కొనుక్కోవచ్చన్నారు. మరుసటి ఏడాది కోలారు వైపు, నరసాపురం దాటాక, ఎకరా 20 గుంటలు కొన్నాను. కొన్ని మామిడి చెట్లు, ఒక రేకుల గది, అంతే.

మొదటి నెలంతా అక్కడి నిశ్శబ్దానికి నాకు నిద్ర పట్టలేదు. రాత్రి తొమ్మిదింటికి నీళ్ళ తొట్టి గట్టెక్కి, ఫోను పైకెత్తి సిగ్నల్ కోసం వెతికేవాణ్ణి, ఆఫీసులో సర్వర్ ఎలా ఉందోనని. పక్క చేను పెద్దాయన చూసి, కోలారు తెలుగులో, "ఏమప్పా, గట్టెక్కి ఏ దేవునికి మొక్కతా ఉండావు?" అన్నాడు.

ఆయన టమాటా వేస్తాడు. 2023 జులైలో కోలారు మార్కెట్లో 15 కిలోల బాక్సు రెండు వేలు దాటింది, గుర్తుందా? మన ఇళ్ళలో టమాటా లేకుండా చారు పెట్టుకున్న రోజులు. ఆ తర్వాత ధర పడిపోయి కోత కూలి కూడా గిట్టలేదు. పంట కోయకుండా వదిలేసి, చేలోకి గొర్రెలు తోలాడు. సరిగ్గా ఆ వారమే ఆఫీసులో నా రేటింగ్ ఒక మెట్టు తగ్గింది, నేను మొహం మాడ్చుకుని ఉన్నాను. ఆయన గొర్రెల్ని తోలి, చేతులు కడుక్కుని వచ్చి, నాకు రాగి సంగటి పెట్టాడు. రేటింగ్ సంగతి ఆయనకి చెప్పలేకపోయాను. చెబుదామని నోటిదాకా వచ్చింది కూడా.

సరే, తిరిగి ఇవ్వడం గురించి. నా మొదటి ప్రయత్నం బీరువా నిండా ఇంగ్లీషు పుస్తకాలు. బడికి ఇచ్చాం, ఫొటోలు దిగాం. ఆ బీరువా తెరిచిన జాడ నాకైతే కనబడలేదు. ఎవరైనా అడిగారా అంటే, ఎవరూ అడగలేదు.

అసలు సంగతి నీళ్ళ దగ్గర తెలిసింది. కోలారులో ఏడాది పొడవునా పారే నది లేదు. చెరువులు ఎండిపోయి, బోర్లు వెయ్యి అడుగులు దాటి పోయినా దుమ్మే వచ్చేదట. 2018 నుంచి కోరమంగల-చల్లఘట్ట లోయలోని మన బెంగళూరు మురుగునీటిని శుద్ధి చేసి, పైపుల్లో ఆ చెరువులకు పంపుతున్నారు. కె.సి. వ్యాలీ అంటారే, అదే. రోజుకు 44 కోట్ల లీటర్లు పంపేలా కట్టారు. మొదట నిండింది మా పక్కనున్న లక్ష్మీసాగర చెరువే. పెద్దాయన బోరులోకీ నీళ్ళొచ్చాయి.

"మీ స్నానం నీళ్ళు మా చెరువుకి, మా టమాటాలు మీ సాంబారుకి. లెక్క సరిపాయెనప్పా" అన్నాడు, నవ్వుతూనే. నాకు మాత్రం నవ్వు రాలేదు. ఆ నీటిని రెండు దశల్లోనే శుద్ధి చేస్తారు. భూమిలో ఇంకడానికే తప్ప తాగడానికీ నేరుగా పంటకు పెట్టడానికీ కాదు. మూడో దశ శుద్ధి కూడా చేయమని కోలారు వాళ్ళు అడుగుతూనే ఉన్నారు. బోరులో నీళ్ళు పైకొచ్చిన మాట నిజం. పెద్దాయన మనవరాలిని చెరువులో దిగనివ్వని మాటా నిజం.

నేనుండేది ఆ లోయలోనే, బెళ్ళందూరు చెరువు దగ్గర, 200 ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఆ చెరువులో మంటలు లేచిన సంగతి మీకు తెలిసిందే. ఒక ఆదివారం పొలం నుంచి తిరిగొచ్చి, తొమ్మిదేళ్ళలో మొదటిసారి మా మురుగు శుద్ధి ప్లాంటు చూద్దామని బేస్‌మెంట్‌లోకి దిగాను. ముక్కు మూసుకోవాల్సి వచ్చింది. నీళ్ళలోకి గాలి కొట్టే బ్లోయర్ ఆపేసి ఉంది. మురుగును తినే సూక్ష్మజీవులు ఆ గాలి మీదే బతుకుతాయి. కరెంటు బిల్లు తగ్గించుకోడానికి రాత్రిళ్ళు ఆపేస్తున్నామన్నాడు ఆపరేటర్. ఎవరు చెప్పారంటే, అసోసియేషన్. అంటే మేమే. మీటింగ్‌లో ఆ తీర్మానానికి చెయ్యెత్తిన వాళ్ళలో నేనూ ఉన్నాను! ఆ శుద్ధి కాని నీళ్ళు రాజకాలువలోకి, అంటే వాన నీళ్ళు పోయే పెద్ద కాలువలోకి, అక్కణ్ణుంచి చెరువులోకి.

అప్పటినుంచి కమిటీలో కూర్చుంటున్నాను. నెలకు ఫ్లాటుకు కొంత పెరుగుతుందంటే ఎంత గొడవో! బీరువా పుస్తకాలకు ఐదు నిమిషాల్లో చందాలిచ్చిన వాళ్ళే దీనికి మూడు మీటింగులు పెట్టించారు. చివరికి బ్లోయర్ రాత్రిళ్ళు కూడా తిరుగుతోంది. పొలానికి వెళ్ళినప్పుడల్లా ఆ కబుర్లు పెద్దాయనకి చెబుతుంటాను.

పోయిన శనివారం కారు దిగీ దిగకముందే, "మీ మోటారు ఆడతా ఉందా?" అన్నాడు. బుధవారం కాలిపోయింది, రిపేరుకిచ్చాం అన్నాను. వేళ్ళు మడిచి లెక్కపెట్టుకున్నాడు.

"మరి ఈ నాలుగు దినాల నీళ్ళూ?"

నేను సంచులు దించుకోవడంలో పడ్డాను. ఇక మీరు ప్రశ్నలు అడగొచ్చు. అదొక్కటీ తప్ప.