చూసి వచ్చిన పిల్లకు మనం వేస్తున్న శిక్ష

నమస్కారం. ఫ్లిప్డ్ క్లాస్‌రూమ్, అంటే పాఠం ఇంట్లో వీడియోలో చూసి వచ్చి లెక్కలు తరగతిలో చేసే పద్ధతి గురించి మాట ఎత్తగానే, మన కర్నూలు జిల్లా ఉపాధ్యాయులు అడిగే ప్రశ్న ఒక్కటే: మన పిల్లలు ఇంట్లో చూసి వస్తారా? మీకు కోపం వచ్చినా సరే, నా జవాబు ముందే చెబుతున్నాను. పిల్లలు చూడకుండా రావడానికి కారణం వాళ్ల బద్ధకం కాదు, మరునాడు తరగతి మొదలైన పది నిమిషాల్లో మనం చేసే పని.

ఎంతమంది చూశారని అడుగుతాం. నలభై మందిలో పన్నెండు చేతులు లేస్తాయి. మిగిలినవాళ్లు ఏమైపోతారోనన్న జాలితో సుద్దముక్క అందుకుని అదే పాఠం మొదటి నుంచి చెబుతాం. రాత్రి నాన్న పొలం నుంచి వచ్చేదాకా కాచుకుని, ఫోను అడిగి తీసుకుని, పాఠం చూసి నోట్సు కూడా రాసుకుని వచ్చిన పిల్ల, తనకు తెలిసిన సంగతే గంటసేపు మళ్లీ వినాలి. రేపు ఆ పిల్ల ఎందుకు చూస్తుంది? ఆదోని దగ్గర ఒక ఉన్నత పాఠశాలలో 9వ తరగతికి గణితం చెప్పిన రోజుల్లో నేనూ ఇదే తప్పు చేశాను. మూడో వారానికి ఆ పన్నెండు చేతులు రెండయ్యాయి. చూడని పిల్లల మీద కేకలు వేస్తూ, చూసేవాళ్ల చేత నేనే మాన్పించానని తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది.

ఫోన్లు లేవు కదా అంటారు. 2022 డిసెంబరులో మన రాష్ట్ర ప్రభుత్వం 8వ తరగతి పిల్లలు 4.5 లక్షల మందికి పైగా ట్యాబ్‌లు ఇచ్చింది. పరికరం చేతికి వచ్చినంత మాత్రాన సాయంత్రం చేతికి రాదు. పత్తి తీసే కాలంలో బడి వదలగానే చేనికి వెళ్లే పిల్లలు మనకు కొత్త కాదు. కోసిగి, మంత్రాలయం వైపు కుటుంబాలు సుగ్గికని గుంటూరు మిరప కోతలకు నెలల తరబడి వెళ్లిపోతాయి. తాళం వేసిన ఇంటి పిల్లను ఇంట్లో చూసి రమ్మనడం ఏమి న్యాయం?

అందుకే ఈ పద్ధతికి పేరు తెచ్చినవాళ్లు ఏం చేశారో చూడమంటున్నాను. అమెరికాలోని కొలరాడోలో, వుడ్‌లాండ్ పార్క్ అనే చిన్న ఊళ్లో, జొనాథన్ బెర్గ్‌మన్, ఆరన్ శామ్స్ అనే రసాయనశాస్త్ర ఉపాధ్యాయులు 2007లో పాఠాలు రికార్డు చేయడం మొదలుపెట్టారు. బడికి రాలేకపోయిన పిల్లల కోసం మొదలైన పని అది. ఇంట్లో ఇంటర్నెట్ లేనివాళ్లకు డీవీడీలు ఇచ్చారు. చూడకుండా వచ్చినవాళ్లను తరగతిలోనే కంప్యూటరు ముందు కూర్చోబెట్టారు. అంతకు ముందే, 1990లలో, హార్వర్డ్‌లో భౌతికశాస్త్రం చెప్పే ఎరిక్ మజూర్ విద్యార్థులను ముందుగా చదివి రమ్మని, తరగతిలో ఉపన్యాసం తగ్గించి ప్రశ్న ఇచ్చి, పక్కవాడితో వాదించుకోమన్నారు. చదివి వచ్చినవాడికి ఆ వాదనలో చోటు దొరికింది, మన పిల్లకు దొరకనిది సరిగ్గా అదే.

మీరు చేయాల్సింది చెబుతాను. వీడియో ఐదు నిమిషాలు మించనీయకండి. తరగతిలోకి వెళ్లగానే ఆ వీడియో చూస్తేనే చేయగలిగే ఒక లెక్క బోర్డు మీద రాయండి. చూసినవాళ్లు వెంటనే జట్లుగా కూర్చుని చేయడం మొదలుపెడతారు, మీరు ముందు వాళ్ల దగ్గరికే వెళ్లండి. చూడనివాళ్లు వెనక బెంచీల్లో ట్యాబ్ పెట్టుకుని అప్పుడు చూసి, తరువాత జట్టులో కలుస్తారు. వాళ్లను తిట్టవద్దు, నిలబెట్టవద్దు, వాళ్ల కోసం పాఠం మళ్లీ చెప్పనూ వద్దు. మొదటి వారం సిలబస్ వెనకబడుతుంది, ప్రధానోపాధ్యాయులు అడుగుతారు, మీ చేయి సుద్దముక్క వైపే పోతుంది. మూడు వారాలు ఆగండి. మొదటి రోజు ఎన్ని చేతులు లేచాయో, మూడో వారానికి ఎన్ని లేచాయో, ఆ రెండు అంకెలు, మీ మండలం పేరు కింద కామెంట్లలో రాయండి. నేను ప్రతి ఒక్కటీ చదువుతాను.