టీఐ-84 ప్లస్ సీఈ: అన్నీ బాగున్నాయి, ఆ భాగహారం తప్ప!

హాయ్ ఫ్రెండ్స్, డాలస్ నుంచి మళ్ళీ నేనే. టెక్సాస్ ఇన్‌స్ట్రుమెంట్స్ (టీఐ) వాళ్ళ గ్రాఫ్‌లు గీసే కాలిక్యులేటర్ ఈ టీఐ-84 ప్లస్ సీఈ. దీన్ని ఒక షాపువాళ్ళు ఫ్రీగా పంపారు, ముందే చెప్పేస్తున్నా. రంగుల స్క్రీను, ఛార్జింగ్ బ్యాటరీ గురించి మీరు ఈపాటికే ఎక్కడో చూసి ఉంటారు. నేను వాటి జోలికి పోను.

ఇటు చూడండి. 1, భాగహారం, 2, పై (π), ఎంటర్. వచ్చింది 1.570796327. అంటే ముందు 1ని 2తో భాగించి, ఆ సగాన్ని పైతో గుణించింది. ఇప్పుడు నేను బీటెక్‌లో వాడిన క్యాసియో ఎఫ్ఎక్స్-991 ఎంఎస్ మీద అవే మీటలు నొక్కుతున్నా. 0.159 చిల్లర! మధ్యలో ఇంటూ లేకుండా 2, పై పక్కపక్కన ఉంటే క్యాసియో ముందు ఆ రెండింటినీ గుణించి, తర్వాతే భాగిస్తుంది. ఎలక్ట్రికల్ సర్క్యూట్లలో రెజొనెన్స్ ఫ్రీక్వెన్సీకి సూత్రం 1 బై 2 పై రూట్ ఎల్‌సీ అని చదువుకున్నాం కదా, దాన్ని నోటితో చదివినట్టే టకటకా కొట్టేసేవాళ్ళం. బ్రాకెట్ పెట్టాలన్న ఆలోచన కూడా ఉండేది కాదు.

సరే, ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి అనుకుందాం. కానీ టీఐ వాళ్ళ పాత 82లో, 85లో కూడా 1/2ఎక్స్ అంటే 1ని 2ఎక్స్ మొత్తంతో భాగించడమే. 1996లో 83 వచ్చింది, పద్ధతి మారిపోయింది. ఇదిగో, గ్రాఫ్ గీయాల్సిన సమీకరణం రాసే వై1లో 1/2ఎక్స్ వేసి గ్రాఫ్ నొక్కుతున్నా. మూలబిందువు గుండా పోయే సరళరేఖ. పాత 82లో ఇవే మీటలు నొక్కితే హైపర్‌బోలా, అంటే రెండు ముక్కల వంపు గీత వచ్చేది! ఏదో దశాంశ స్థానంలో తేడా అయితే సర్దుకుపోవచ్చు. ఇక్కడ గ్రాఫే వేరండీ బాబూ.

పిల్లలకి ఇంకో తిప్పలు. అమెరికాలో కాలేజీ ప్రవేశానికి రాసే శాట్ పరీక్షలో ఇప్పుడు స్క్రీన్ మీదే డెస్మాస్ అనే కాలిక్యులేటర్ ఉంటుంది. అందులో స్లాష్ కొట్టగానే భిన్నం గీత పడి, తర్వాత కొట్టే 2ఎక్స్ మొత్తం గీత కిందకి పోతుంది. ఇంట్లో ఒక అలవాటు, పరీక్షలో ఇంకో అలవాటు. టెన్షన్ కాదూ మరి?

దీనికి మందు ఉంది లెండి. ఆల్ఫా నొక్కి, వై ఈక్వల్స్ మీట నొక్కండి. మెనూలో మొదటిదే భిన్నం. పైన 1, కింద 2ఎక్స్. ఇక అనుమానానికి తావే లేదు. మా అమ్మాయికి నేను మొదట నేర్పింది ఇదే, భాగహారం మీట జోలికే పోవద్దని.

కొనాలా అంటే, స్కూల్లో ఇదే కావాలంటే కొనండి, మంచి మెషీనే. నా రేటింగ్ మాత్రం ఐదుకి మూడు. రెండు మార్కులూ ఈ ఒక్కదానికే కోశాను, ఫ్రీగా పంపినవాళ్ళు ఏమనుకున్నా సరే. మీ దగ్గరున్న కాలిక్యులేటర్‌లో 1 భాగహారం 2 పై కొట్టి, మోడల్ పేరు, వచ్చిన జవాబు కింద కామెంట్‌లో పెట్టండి.