ప్రీపోన్ అంటే నవ్వేవాళ్లకి ఈ వీడియో పంపండి!

ప్రీపోన్ అనే మాట ఇంగ్లిష్‌లోనే లేదంట! మళ్లీ మొదలెట్టారు. మీ ఫోన్లోకి కూడా వచ్చే ఉంటుంది ఆ రకం రీల్, ‘మన ఇండియన్స్ చేసే 10 తప్పులు’ అని. ఒకాయన టై కట్టుకుని, వేలు చూపిస్తూ, ప్రీపోన్ అనకూడదు, డిక్కీ అనకూడదు, స్టెప్నీ అనకూడదు, ఆఖరికి టిఫిన్ కూడా అనకూడదు అంటాడు. కింద కామెంట్లలో మనోళ్లే ‘అవును సార్, సిగ్గుచేటు సార్’ అని దండాలు పెడుతుంటారు. సిగ్గెందుకు బాబూ?

ఈరోజు ఒకటే మాట చెప్తా, వీడియో అయ్యేదాకా అదే చెప్తా, విసుగొచ్చినా వినండి. మన ఇంగ్లిష్‌లో తప్పేం లేదు, అది పాతది, అంతే. వాళ్ల తాతలు వాడి వదిలేసిన మాటల్ని మనం పారేయకుండా, అమ్మమ్మ ఇత్తడి బిందెలు అటక మీద పెట్టినట్టు దాచుకున్నాం. కాకపోతే మనం అటక మీద పెట్టలేదు, రోజూ వాడుతున్నాం.

ముందు ప్రీపోన్ సంగతి తేల్చేద్దాం. ఆక్స్‌ఫర్డ్ వాళ్ల పెద్ద డిక్షనరీ ఉంది కదా, 1884లో భాగాలు భాగాలుగా మొదలై 1928కి గానీ పూర్తికాలేదు, ఏ మాట మొదట ఎప్పుడు కనిపించిందో సంవత్సరంతో సహా రాసేది అదే. ఇప్పుడు అందులో ప్రీపోన్ దగ్గర ఏముందో తెలుసా? 1549 నాటి వాడుక. 1549 అండీ! మన చార్మినార్ కట్టింది 1591లో. అంటే ప్రీపోన్ చార్మినార్ కంటే 42 ఏళ్లు పెద్దది. సరే, దాచకుండా చెప్తున్నా, అప్పట్లో దానర్థం ఊరికే ‘ముందు పెట్టడం’. అనుకున్న టైమ్ కంటే ముందుకు జరపడం అనే వాడుక 1913లో వచ్చింది, అది కూడా మన దగ్గర కాదు, న్యూయార్క్ టైమ్స్‌కి ఒకాయన ఉత్తరం రాశాడు, పోస్ట్‌పోన్‌కి జోడీగా ప్రీపోన్ అని ఒక మాట పుట్టిస్తాను, ఒప్పుకోండి అని. పుట్టించిందేమో అక్కడివాడు, మాధాపూర్‌లో పరువు పోయేది మనకి!

పోయింది కూడా. నా మొదటి ఉద్యోగంలో, కంపెనీ పేరు వద్దులెండి, ట్రైనింగ్‌లో ‘మీటింగ్ ప్రీపోన్ అయింది’ అన్నానని ఒక మేడం 40 మంది ముందు నన్ను నిలబెట్టి, ఆ మాట మళ్లీ అనిపించి అందరినీ నవ్వించింది. ఆరు నెలలు మీటింగుల్లో నోరు తెరవలేదు నేను. ఈ వీడియో ఆమెకి చేరితే బాగుండు.

ఇప్పుడు టిఫిన్‌కి రండి, నాకు బాగా ఇష్టమైన కథ ఇది. 1785లో ఫ్రాన్సిస్ గ్రోస్ అనే ఆయన లండన్ బజారు భాషంతా ఏరి డిక్షనరీ వేశాడు, దొంగల మాటలు, తాగుబోతుల మాటలు, ఇంట్లో పైకి చదవలేని బూతులు, అన్నీ ఉంటాయి. అందులో టిఫింగ్ అని ఉంది, భోజనం వేళ కాని వేళలో ఏదో ఒకటి తినడం, తాగడం. అక్కడ ఆ మాట చచ్చిపోయింది. ఇక్కడ అమీర్‌పేటలో గల్లీకి నాలుగు టిఫిన్ సెంటర్లు! పై అంతస్తులో స్పోకెన్ ఇంగ్లిష్ కోచింగ్, కింద టిఫిన్ సెంటర్. పైన ఫీజు కట్టి ‘బ్రేక్‌ఫాస్ట్ అనాలి’ అని రాసుకుంటారు, కిందికి దిగి ‘అన్నా, టిఫిన్ ఏముంది’ అంటారు. ఇంకో ముచ్చట, ఇక్కడున్న దొరలకి టిఫిన్ అంటే మధ్యాహ్నం తిండి. మనం దాన్ని పొద్దుటికి జరిపాం. అంటే టిఫిన్‌ని ప్రీపోన్ చేశాం అన్నమాట!

పంక్చర్ షాపు దగ్గర ఆగండి. ‘డిక్కీ తియ్యన్నా, స్టెప్నీ ఉందా?’ రెండూ వాళ్ల మాటలే. గుర్రబ్బండి వెనక నౌకర్లు కూర్చునే సీటు డిక్కీ, తర్వాత పాత కార్ల వెనక మడత సీటుకీ అదే పేరు. సీటు పోయింది, మనం అక్కడ సూట్‌కేస్ పెట్టి పేరు ఉంచేశాం. స్టెప్నీ అయితే ఒక వీధి పేరు. వేల్స్‌లో లానెల్లి అనే ఊళ్లో స్టెప్నీ స్ట్రీట్ ఉంది, 1904లో అక్కడ డేవీస్ అన్నదమ్ములు, పంక్చరైన చక్రానికి పక్కనే బిగించే ఇంకో చక్రం తయారుచేశారు. మొదట్లో కార్లకి అదనపు చక్రమే ఉండేది కాదు మరి. ఇప్పుడు లండన్ మెకానిక్‌ని స్టెప్నీ అడిగితే తెల్లమొహం వేస్తాడు. మన షాపు కుర్రాడికి తెలుసు!

ఆ టై సార్ ప్రతి కామెంట్ కిందా ‘నైస్ క్వశ్చన్’ అంటాడు చూశారా? నైస్ లాటిన్‌లో నెస్కియస్ నుంచి వచ్చింది, ఏమీ తెలియనివాడు అని. 700 ఏళ్ల క్రితం ఇంగ్లిష్‌లో నైస్ అంటే మొద్దు. ‘అర్థాలు మారతాయి కదా’ అంటారు, మారతాయి, నేనూ అదే అంటున్నా! వాళ్లు మారిస్తే ఎవల్యూషన్, మనం ఉంచుకుంటే మిస్టేకా?

1755లో శామ్యూల్ జాన్సన్ అంతటివాడు తన ఇంగ్లిష్ డిక్షనరీలో గుర్రం కాలికి గిట్ట పైన ఉండే భాగాన్ని మోకాలు అని రాసేశాడు. ఇలా ఎందుకు రాశారని ఒకావిడ నిలదీస్తే ‘అజ్ఞానం మేడం, శుద్ధ అజ్ఞానం’ అన్నాడు. ఆయన ఒప్పుకున్నాడు, ఈ టై సార్ మాత్రం చచ్చినా ఒప్పుకోడు.

ఇంకా వినండి, గోడౌన్ కూడా తప్పంట, వేర్‌హౌస్ అనాలంట. 1886లో హాబ్సన్ జాబ్సన్ అని ఇక్కడి దొరల మాటల డిక్షనరీ వచ్చింది, అందులో గోడౌన్ మలయ్ మాట అంటూనే, దాని వెనక మన గిడ్డంగి ఉండొచ్చని రాశారు. బాండికూట్ దగ్గరైతే అనుమానమే లేదు, అది మన పందికొక్కు. నోరు తిరగక బాండికూట్ చేసుకుని, ఆస్ట్రేలియాలో మన ఎలుకకి చుట్టం కూడా కాని ఇంకో జంతువుకి అదే పేరు తగిలించారు. దాని మీద ఒక్క రీల్ వచ్చిందా? తోడల్లుడిని కో బ్రదర్ అన్నామంటే మాత్రం పది వస్తాయి.

మీ ఇంట్లో పెద్దవాళ్లు ఇంకా వదలని పాత ఇంగ్లిష్ మాటలు కింద రాయండి. ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత డిక్షనరీల కోసం వెతుకుతా, దొరికితే మీరు రాసినవన్నీ అందులో పేజీ తిప్పి చూపిస్తా.