చట్రం విప్పేసిన బొమ్మ: శామ్ గిలియం ‘డబుల్ మెర్జ్’

[తెర మీద: విశాలమైన హాలు. పైకప్పు నుంచి జారుతూ, మడతలు పడుతూ నేల దాకా దిగిన రంగుల కాన్వాస్.]

దీన్ని చూడగానే ముందు బొమ్మ ఎక్కడుందా అని వెతుక్కుంటాం. గోడ మీద లేదు. ఫ్రేమ్ లేదు. పై అంచు ఏదో, కింది అంచు ఏదో తెలీదు. కానీ ఇది పెయింటింగే. పేరు ‘డబుల్ మెర్జ్’. వేసినవారు శామ్ గిలియం. 1933లో అమెరికాలోని మిసిసిపీలో పుట్టి, వాషింగ్టన్‌లో స్థిరపడి, 2022లో కన్నుమూసిన నల్లజాతి చిత్రకారుడు.

[తెర మీద: మామూలు పెయింటింగ్ వెనకవైపు. చెక్క చట్రం, మేకులు.]

ఆయన అడిగిన ప్రశ్న అర్థం కావాలంటే పెయింటింగ్ వెనకవైపు చూడాలి. కాన్వాస్‌ను చెక్క చట్రం మీద లాగి, అంచులు మడిచి, మేకులు కొడతారు. గుడ్డ డప్పులా బిగుసుకుంటుంది. వందల ఏళ్లుగా బొమ్మంటే అదే. పికాసో ముక్కలు చేసిన ముఖాలైనా, పొల్లాక్ నేల మీద పరిచి చిలకరించిన రంగులైనా చివరికి చట్రమెక్కి గోడకే చేరాయి.

గిలియం కంటే ముందే వాషింగ్టన్‌లో మారిస్ లూయిస్ లాంటివాళ్లు పల్చటి రంగును ప్రైమర్ (రంగు గుడ్డలోకి ఇంకకుండా ముందుగా పూసే పూత) పూయని కాన్వాస్‌లోకి ఇంకనిచ్చారు. అంటే గుడ్డ మీద పూత కాదు, గుడ్డలోకి దిగిన అద్దకం. గిలియం ఇంకో అడుగు వేశారు. రంగులు పోసి, తడి ఆరకముందే కాన్వాస్‌ను మడతలు పెట్టి వదిలేసేవారు. విప్పితే మడత గీతలు, ఒకవైపు రంగు రెండోవైపు అచ్చుపడిన మరకలు. చిన్నప్పుడు కాగితం మధ్య ఇంకు చుక్క వేసి, మడిచి, సీతాకోకచిలుకను చేసేవాళ్లం కదా, అదే పని. కాకపోతే ఇక్కడ మడిచేది పదుల అడుగుల గుడ్డను.

అంత అందంగా మడతలు పడ్డ గుడ్డను మళ్లీ సాపు చేసి చట్రానికి ఎందుకు బిగించాలి? 1968 ప్రాంతంలో ఆయన బిగించడం మానేశారు. దండెం మీద ఆరేసిన బట్టలు చూసి ఈ ఆలోచన వచ్చిందని ఒక కథ ఉంది. గిలియమే ఒకప్పుడు అలా చెప్పి, తర్వాత కాదన్నారు. దండెం కథ బాగుంది కానీ, జవాబు ఆ తడి మడతల్లోనే ఉందని నాకనిపిస్తుంది.

[తెర మీద: 1968 నాటి వాషింగ్టన్ వీధులు, నలుపు తెలుపుల్లో.]

ఆ ఏడాది సంగతి చెప్పకుండా ముందుకు వెళ్లలేను. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ను కాల్చి చంపారు. గిలియం ఉంటున్న వాషింగ్టన్ తగలబడింది. నల్లజాతి కళాకారులు జనానికి అర్థమయ్యే పోరాట చిత్రాలే వేయాలని గట్టిగా అడిగిన రోజులవి. ఈ రంగుల మరకలు ఎవరికోసం అన్న నింద ఆయన మీదా పడింది. ఆయన మారలేదు. 1969లో వేసిన ఒక పెద్ద కాన్వాస్‌కు ‘ఏప్రిల్ 4’ అని పేరు పెట్టారు. అందులో కింగ్ ముఖం లేదు, తుపాకీ లేదు. ఊదా రంగులో ఎర్రటి మరకలున్నాయి. ఆ పేరు తెలిశాక వాటిని ఉత్త మరకలుగా చూడటం నా వల్ల కాలేదు.

[తెర మీద: మళ్లీ ‘డబుల్ మెర్జ్’. కెమెరా చుట్టూ తిరుగుతుంది.]

ఇప్పుడు మన బొమ్మ దగ్గరికి వద్దాం. 1968లో వేసిన రెండు భారీ కాన్వాస్‌లను 2019లో న్యూయార్క్ రాష్ట్రంలోని డియా బీకన్ మ్యూజియంలో ఒక్కటిగా కలిపి వేలాడదీశారు. అప్పటికి గిలియంకు 85 ఏళ్లు. ఆ భవనం ఒకప్పుడు బిస్కెట్ల కంపెనీ అట్టపెట్టెలు అచ్చువేసిన ఫ్యాక్టరీ. అక్కడి పైకప్పు ఎత్తు, కట్టిన చోట్లు, గుడ్డ బరువు కలిసి ఈ ఆకారం వచ్చింది. హాలు మారితే బొమ్మ మారుతుంది. 2021లో డియా, హ్యూస్టన్‌లోని మ్యూజియం ఆఫ్ ఫైన్ ఆర్ట్స్ కలిసి దీన్ని కొన్నాయి. కాబట్టి రేపు హ్యూస్టన్‌లో చూసే మన తెలుగువాళ్లకు కనిపించేది సరిగ్గా ఈ ఆకారమే కాకపోవచ్చు.

ఎక్కడ చూసినా ఒక పని మాత్రం చేయండి. బొమ్మ వెనక్కి నడవండి. చట్రం లేదు కాబట్టి దారి ఉంటుంది. రంగు గుడ్డలోంచి ఇంకి అటువైపుకీ వచ్చి ఉంటుంది.

[తెర మీద: కాన్వాస్ వెనకవైపు మరకల క్లోజప్. శబ్దం లేకుండా 10 సెకన్లు.]