లాకుల నుంచి బస్టాండు దాకా మన గట్టు రోడ్డు

అందరికీ నమస్కారమండి. మన కాలువ గట్టు రోడ్డు కొత్తగా వేయమని ఇచ్చే అర్జీలో ఏమేం అడగాలో నాకు తోచింది చెబుతున్నాను.

చిన్నప్పుడు మా ఇంట్లోకి మూడు మెట్లెక్కి వెళ్లేవాళ్లం. ఇప్పుడు ఒక మెట్టు దిగి వెళ్తున్నాం. పాత తారు మీద మళ్లీ తారు, దాని మీద సిమెంటు పోసుకుంటూ వస్తే రోడ్డే ఎత్తు పెరిగిపోయింది. పోసిన ప్రతిసారీ మనం సంబరపడ్డాం కూడా. ఇప్పుడు వాన పడితే రోడ్డు మీది నీళ్లన్నీ మన వాకిళ్లలోనే. అందుకే ముందుగా అడగాల్సింది ఇదండి: కొత్త రోడ్డు వేసేముందు పాత పొర చెక్కి తీసెయ్యాలి. డ్రెయిను కట్టాకే రోడ్డు జోలికి రావాలి.

1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక ఈ కాలువలే మనకు అన్నం పెట్టాయి. కానీ మన నేల బల్లపరుపు. డ్రెయిను వాటం కాస్త తప్పినా నీళ్లు నిలిచి దోమలు ముసురుతాయి. నేల ఎత్తుపల్లాల లెవెల్స్ తీయించి, ఆ నీరు ఏ మురుగు కాలువలో కలుస్తుందో కాగితం మీద చూపించమందాం. పంట కాలువలోకి మాత్రం వదలనివ్వకూడదు. దిగువ ఊళ్ల మంచినీళ్ల చెరువులు నింపుకునేది ఆ నీళ్లతోనే.

బడి వదిలే వేళ లాకుల దగ్గర నిలబడి చూడండి. ఐస్ లారీలు, చేపల మేత లారీలు, కొబ్బరికాయల ట్రాక్టర్లు, ఇటు పక్క కాలువ, మధ్యలో మన పిల్లల సైకిళ్లు. మనవరాలు ఇంటికి చేరేదాకా నాకు టెన్షనే. ఫుట్‌పాత్ మీద నడవడానికి అడ్డం లేకుండా కనీసం 1.8 మీటర్లు, అంటే దాదాపు ఆరడుగులు వదలాలని రోడ్ల ప్రమాణాలు రూపొందించే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెబుతోంది. రెండు వైపులా కుదరకపోతే కాలువ వైపైనా రెయిలింగుతో వేయించుకుందాం.

కూరల బండ్లు, చేపల గంపలు తీయించెయ్యాలని కొందరంటున్నారు. నేను ఒప్పుకోను. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం, వీధి వ్యాపారాల సంగతి చూసే పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వాళ్లే ఉండాలి. వాళ్లనీ పిలిచి, నిద్రగన్నేరు చెట్ల నీడన ఎవరి చోటు వాళ్లకు గీయిద్దాం. ఆ చెట్ల మీద గొడ్డలి పడకూడదు.

గట్టు పని వేసవిలో కాలువకు నీళ్లు ఆపేసినప్పుడే కుదురుతుంది కాబట్టి సంక్రాంతి లోపే అర్జీ ఇవ్వాలి. ఆదివారం ఉదయం ఆరింటికి లాకుల దగ్గరికి రండి, టేపు నేను తెస్తాను. మొన్నటి వానకు ఎవరింట్లోకి ఎంత నీళ్లొచ్చాయో గోడ మీద చార ఉంటుంది కదా, ఇంటింటికీ అది కొలిచి రాసుకుందాం.