దవడ నొప్పి, కణత ధమని వాపు
(వైద్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

సభాధ్యక్షులకు, వేదికపై ఉన్న పెద్దలకు, మా పిలుపును మన్నించి వచ్చిన దంతవైద్య మిత్రులకు నమస్కారం. దంతవైద్యులు తప్పక రావాలని పట్టుబట్టింది నేనే.

జెయింట్ సెల్ ఆర్టరైటిస్, అంటే ధమనుల గోడలు వాచే జబ్బు, అనగానే యాభై దాటినవారిలో కొత్తగా మొదలైన తలనొప్పి, ఉబ్బిన కణత ధమని మనకు గుర్తుకొస్తాయి. 1890లో బ్రిటిష్ వైద్యుడు జోనథన్ హచిన్సన్ వర్ణించిన వృద్ధుడు ఆ నొప్పికి టోపీ కూడా పెట్టుకోలేకపోయాడు. రోగులందరూ ఆ వర్ణన ప్రకారమే మన ముందుకు రారు.

డెబ్బై దాటిన ఒక పెద్దావిడ నా దగ్గరకు వచ్చేసరికే రెండు దవడ పళ్లు తీయించుకుని ఉన్నారు. అంతకుముందు మరొకచోట, విడవని జ్వరాన్ని, ఒంట్లో వాపును సూచించే రక్తపరీక్ష ఈఎస్ఆర్ పెరగడాన్ని చూసి క్షయ మందులు మొదలుపెట్టారు. "నాలుగు ముద్దలు నమిలేసరికి దవడ పట్టేస్తుంది బాబూ, కాసేపు ఆగితే మళ్లీ తినగలను" అని ఆవిడ వెళ్లిన ప్రతిచోటా చెప్పారట. నమిలే కండరానికి రక్తం చాలనప్పుడు నొప్పి సరిగ్గా ఇలాగే వస్తుంది, ఇలాగే తగ్గుతుంది. దువ్వెన తగిలితే తల మండిపోతోందన్నారు. కణత మీద వేలు పెడితే ధమని తాడులా గట్టిగా తగిలింది, నాడి అందలేదు. అప్పటికే కుడికన్ను చీకటైపోయింది. ఆ చూపు తిరిగి రాలేదు. దంతవైద్య మిత్రులారా, వయసు మళ్లినవారి పన్ను పీకే ముందు ఒక్కసారి కణత తడిమి చూడమని మిమ్మల్ని వేడుకుంటున్నాను.

ఈ వ్యాధి కొందరిలో మానని పొడి దగ్గుగా, కొందరిలో నాలుక నల్లబడడంగా, తల మీది చర్మం పుండు పడడంగా, కాసేపు వస్తువులు రెండుగా కనిపించడంగా, మెడ వెనుక నుంచి మెదడుకు వెళ్లే ధమనులు మూసుకుపోతే పక్షవాతంగా కూడా బయటపడుతుంది. కొద్దిమందిలో ఈఎస్ఆర్ మామూలుగానే ఉంటుంది. వాపు ధమని పొడవునా కాక అక్కడక్కడే ఉండవచ్చు కనుక, బయాప్సీలో, అంటే ధమని ముక్క తీసి చేసే పరీక్షలో, ఏమీ కనిపించకపోయినా అనుమానం బలంగా ఉంటే వ్యాధి లేదని తేల్చేయకూడదు.

"బయాప్సీ రానివ్వండి, తర్వాత స్టెరాయిడ్ చూద్దాం" అనే మాట విన్నప్పుడల్లా నాకు బాధ కలుగుతుంది. స్టెరాయిడ్ మొదలుపెట్టిన వారం, పది రోజుల వరకు కూడా ధమనిలో ఆనవాళ్లు సాధారణంగా చెరిగిపోవు. వైద్యం అందకపోతే మాత్రం రెండో కన్ను కొద్ది రోజుల్లోనే పోవచ్చు. మధుమేహం ఉందని, క్షయ తిరగబెడుతుందేమోనని వెనుకాడేవారున్నారు. ఆ రెండింటినీ కనిపెట్టుకుంటూనే వైద్యం సాగించవచ్చు. అనుమానం బలంగా ఉంటే ఈఎస్ఆర్, వాపునే తెలిపే మరో రక్తపరీక్ష సీఆర్‌పీలకు రక్తం తీసి, ఫలితం రాకముందే ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ రోజుకు 40 నుంచి 60 మిల్లీగ్రాములు మొదలుపెట్టండి. చూపు మసకబారితే అదే రోజు కంటి వైద్యుడికి చూపించి, నరం ద్వారా మిథైల్ ప్రెడ్నిసొలోన్ ఇప్పించండి.