కేసు కట్టండి బాబూ

(పోలీసు అమరవీరుల సంస్మరణ వారంలో, శ్రీకాకుళంలో కానిస్టేబుల్ పరీక్షలకు తయారవుతున్న యువతీ యువకుల ముందు ఒక రిటైర్డ్ ఏఎస్సై చేసిన ప్రసంగం)

వేదిక మీదున్న పెద్దలకి, కింద కూర్చున్న పిల్లలకి నమస్కారం. శాలువా కప్పారు, సంతోషం. ఈ ఉక్కలో కాసేపు పక్కన పెడతాను, ఎవరూ ఏమీ అనుకోకండి.

1959 అక్టోబరు 21న లద్దాఖ్‌లోని హాట్ స్ప్రింగ్స్ దగ్గర చైనా సైనికుల కాల్పుల్లో పదిమంది సీఆర్పీఎఫ్ జవాన్లు చనిపోయారు. వాళ్ళని తలుచుకునే రోజుల్లో మనం ఇక్కడ కూర్చున్నాం. వాళ్ళకి దండం పెట్టి మొదలుపెడతాను.

ఆహ్వానపత్రికలో నా పేరు కింద ‘ప్రజాసేవలో పోలీసు వ్యూహం, విలువలు, నాయకత్వం’ అని అచ్చువేశారు. చదివితే నాకే భయమేసింది. వ్యూహాలు పన్నే హోదాలో నేనెప్పుడూ లేను. సర్వీసులో ఎక్కువ భాగం స్టేషన్ రైటర్‌ని. జనరల్ డైరీ రాశాను, పంచనామాలు రాశాను, ఎఫ్ఐఆర్లు రాశాను. కాబట్టి నాకు తెలిసిన ఒక్క సంగతే చెప్తాను: స్టేషన్‌కి వచ్చిన మనిషి ఫిర్యాదు తీసుకుని కేసు కట్టడం. మిగతా పెద్ద మాటలు నా తర్వాత మాట్లాడే సార్లు చూసుకుంటారు.

మీలో ఎంతమంది పొద్దున్నే కోడి రామ్మూర్తి స్టేడియంలో 1600 మీటర్ల పరుగు తీస్తున్నారు? చేతులెత్తండి. అబ్బో! సరే, మీ ఇంట్లో ఎవరైనా ఎప్పుడైనా స్టేషన్‌కి వెళ్ళి కాగితం ఇచ్చి, రసీదో ఎఫ్ఐఆర్ కాపీయో చేత పట్టుకుని ఇంటికొచ్చినవాళ్ళు ఎంతమంది? చూశారా, చేతులన్నీ దిగిపోయాయి.

చాలా ఏళ్ళ కిందటి మాట. ఏ స్టేషన్లో, అప్పుడు ఎస్సై ఎవరు అని అడక్కండి, చెప్పను. హైవే మీద కల్వర్టు దగ్గర తెల్లవారుజామున లారీ గుద్ది ఒకాయన పోయాడు. లారీ ఆగలేదు. కల్వర్టుకి ఇవతల ఒక స్టేషను, అవతల ఇంకో స్టేషను. మోటారు సైకిలు ఇవతల పడుంది, మనిషి అవతల పడున్నాడు. రెండు స్టేషన్ల వాళ్ళూ వచ్చారు. నేను పంచనామా రాయడానికి ప్యాడ్ పట్టుకుని నిలబడ్డాను. ఇహ మొదలైంది. మీ లిమిట్సంటే మీ లిమిట్సని. ఎవరో టేపు తెచ్చారు. ఇద్దరు కానిస్టేబుళ్ళు చెరో కొసా పట్టుకుని కల్వర్టు గోడ నించి చెప్పు పడిన చోటికి, చెప్పు నించి రక్తం మరకకి కొలుస్తున్నారు. గుద్దింది ఎక్కడ, ఈడ్చుకుపోయింది ఎక్కడిదాకా అని వాదన. ఎండెక్కింది. శవం మీద కప్పిన తువ్వాలు గాలికి లేచిపోతుంటే దాని మీద ఎవరో రాళ్ళు పెట్టారు.

ఆయన భార్య ఆటోలో వచ్చింది. ఏడ్చి ఏడ్చి, చాలాసేపటి తర్వాత లేచి మా దగ్గరికొచ్చింది. “బాబూ, మా ఆయన ఏ టేసనోడో మీరు తేల్సుకున్నాక సెప్పండి, అందాకా నాను ఏటి సెయ్యాల?” అంది. టేపు పట్టుకున్న కుర్రాడు టేపు వదిలేశాడు.

అప్పుడొచ్చాడు సీఐగారు, జీపు దిగి రెండు నిమిషాలు విన్నాడు. “నా సర్కిల్లోనే రాయండి, తర్వాత చూసుకుందాం” అన్నాడు. అంతే! 304-ఏ, అంటే నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన నేరం కింద కేసు కట్టాం, పోస్టుమార్టానికి పంపాం. ఎఫ్ఐఆర్ లేకపోతే ఆవిడకి క్లెయిమ్ లేదు, ఇన్సూరెన్సు లేదు. ఇవాళ్టికీ అంతే. గుద్ది పారిపోయిన బండి దొరక్కపోయినా, 2022 నించి మృతుడి కుటుంబానికి 2 లక్షల పరిహారం ఉంది, దానికీ ముందు కేసు ఉండాలి.

ఇంతకీ ఆ తర్వాత ఏమైందో తెలుసా? నెలాఖరు క్రైమ్ రివ్యూలో ఆ సీఐగారినే లేపి నిలబెట్టారు. “మీ సర్కిల్లో యాక్సిడెంట్ కేసులు పెరిగాయేం?” అని. కేసు కట్టనివాళ్ళ లెక్క తగ్గింది, వాళ్ళకి శభాషులు. నాకు ఇప్పటికీ కడుపు మండే సంగతి ఇదే. మీరు నాయకత్వం అంటారే, అది ఆ సమీక్షలో పైవాళ్ళు అడిగే ఆ ఒక్క ప్రశ్నలో ఉంది. లెక్క పెరిగిందని తిడితే కిందవాడు నేరాన్ని ఆపలేడు కాబట్టి కాగితాన్ని ఆపుతాడు. దొంగతనానికి వచ్చినవాణ్ణి “పోగొట్టుకున్నానని రాయి” అంటాడు. కొట్లాటకి వచ్చినవాణ్ణి రాజీ చేసుకోమంటాడు.

చట్టం మాత్రం స్పష్టంగానే ఉంది. 2013లో లలితా కుమారి కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది: కాగ్నిజబుల్ నేరం, అంటే వారెంటు లేకుండానే పోలీసు అరెస్టు చెయ్యగల నేరం అని ఫిర్యాదులో కనబడితే ఎఫ్ఐఆర్ కట్టి తీరాలని. 2024 జూలై 1 నించి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, పాత సీఆర్పీసీ స్థానంలో వచ్చిన బీఎన్ఎస్ఎస్, 173వ సెక్షన్లో నేరం ఏ పరిధిలో జరిగినా సరే రాసుకోమంది. జీరో ఎఫ్ఐఆర్ అంటున్నది అదే. ఆ కల్వర్టు దగ్గర ఆ సెక్షను ఉండుంటే టేపు బయటికి తీసేవాళ్ళా? కాపీ ఉచితంగా ఇవ్వాలి. తీసుకోకపోతే ఎస్పీకి పోస్టులో పంపొచ్చు, అక్కడా కాకపోతే మేజిస్ట్రేటు దగ్గరికి పోవచ్చు. అయితే అందులోనే ఇంకో మాటుంది, మూడేళ్ళ నించి ఏడేళ్ళ లోపు శిక్ష పడే నేరాలకి డీఎస్పీ అనుమతితో 14 రోజుల ప్రాథమిక విచారణ చెయ్యొచ్చని. బద్ధకస్తుడికి అది చాలు, దాక్కోడానికి. గుర్తుపెట్టుకోండి.

వెనక బెంచీ బాబూ, ఫోన్ తర్వాత చూసుకో, ఇది పరీక్షలో కూడా వస్తుంది.

మన జిల్లాలో ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాలి. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనుల్ని భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. అది అప్పట్లో శ్రీకాకుళం జిల్లాయే. నిందితులు కోర్టులో విడుదలయ్యారు. ఆ తర్వాత ఏజెన్సీ, అదే గిరిజన ప్రాంతం, సాయుధ పోరాటంతో ఎలా భగ్గుమందో మీ తాతలనడగండి. దానికి కారణాలు వేరే చాలా ఉన్నాయి, భూమి, అప్పులు, షావుకార్లు. కానీ కేసు మీద నమ్మకం పోవడం కూడా అందులో ఒకటి. 2010 జూలైలో సోంపేట, 2011 ఫిబ్రవరిలో కాకరాపల్లి, థర్మల్ ప్లాంట్లు వద్దని జనం తిరగబడ్డ రెండుచోట్లా పోలీసు కాల్పుల్లో మనవాళ్ళ ప్రాణాలు పోయాయి. ఎవరిది తప్పు అని ఇక్కడ తీర్పు చెప్పబోవడం లేదు. ఆ ఊళ్ళలో రేపు మీకు బీటు డ్యూటీ పడుతుంది. నమ్మకం మీ దగ్గర్నించి మళ్ళీ మొదటి అక్షరం నించి మొదలవ్వాలి.

ఇంకో సంగతి. 2006లో పోలీసు సంస్కరణల మీద వేసిన ప్రకాశ్ సింగ్ కేసులో, స్టేషన్ అధికారిని కనీసం రెండేళ్ళు ఒకే చోట ఉంచమంది సుప్రీంకోర్టు. ఊరి పెద్దల పేర్లు, చెరువు గొడవలు, ఎవరికి ఎవరంటే పడదో తెలిసేలోపు ఎస్సైని మార్చేస్తే, వ్యూహం ఎవరు పన్నుతారు? రైటరా?

టైమైందని చీటీ వచ్చింది. చదివాను, జేబులో పెట్టుకున్నాను. ఇంకొక్క మాట. డీఎస్పీగారు ఇక్కడే ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. సార్, వచ్చే క్రైమ్ రివ్యూలో కేసులు పెరిగిన స్టేషన్ ఎస్సైని తిట్టకముందు, తగ్గిన స్టేషన్‌కి మఫ్టీలో ఎవర్నైనా ఒక దొంగతనం ఫిర్యాదు ఇచ్చి పంపండి. వాణ్ణి కూర్చోమన్నారో లేదో, కాపీ ఇచ్చారో లేదో వచ్చి చెప్తాడు.